సిఫర్ నుంచి సైబర్ దాకా: తాళాలు పరీక్షించే ఆడబిడ్డలు

ఉర్దూ మీడియంలో చదువుకున్న నాలాంటి వాళ్లకి చిన్నప్పటి నుంచే తెలిసిన మాట ‘సిఫర్’. అంటే సున్నా. హిందుస్తాన్‌లో పుట్టిన శూన్యం అరబ్బుల దగ్గరికి వెళ్లి సిఫర్ అయింది. అక్కడి నుంచి యూరప్ చేరి ఫ్రెంచిలో ‘షిఫ్ర్’, ఇంగ్లీషులో ‘సైఫర్’ అయింది. మొదట్లో సైఫర్ అన్నా సున్నాయే. పోను పోను ఆ పేరు రహస్య లిపికి స్థిరపడింది. ఇవాళ వాట్సాప్‌లో మన మాటని, ఫోన్‌పేలో మన డబ్బుని బయటివాళ్ల కంట పడకుండా దాచే లెక్కల ఏర్పాటుని కూడా సైఫర్ అనే అంటారు. ‘సైబర్’ అనే మాట మాత్రం గ్రీకు నుంచి వచ్చింది. వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉన్నా రెండింటి పుట్టిళ్లు వేరు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, నాయుడుపేటలో గాని, గూడూరు, సూళ్లూరుపేట వైపు గాని మన ఇళ్లలో ఇంటర్ అయిన ఆడపిల్ల ‘సైబర్ సెక్యూరిటీ చదువుతా, ఎథికల్ హ్యాకింగ్ నేర్చుకుంటా’ అంటే పెద్దవాళ్ల నుంచి వెంటనే రెండు సవాళ్లు వస్తాయి. ‘హ్యాకింగ్ అంటే చోరీయే కదా బేటీ, అందులో హలాల్ ఏముంది?’ అనేది ఒకటి. ‘అది మగపిల్లల పని, నీకెందుకమ్మా?’ అనేది రెండోది. నేను ఫత్వాలు చెప్పేవాణ్ని కాను, విలేకరిని. కాని తారీఖ్ తిరగేస్తే రెండింటికీ జవాబు దొరుకుతుంది. తారీఖ్ అంటే ఇక్కడ కేలండర్‌లో తేదీ కాదు, ఉర్దూ అర్థంలో చరిత్ర.

ముఅమ్మా విప్పిన అల్ కిందీ

అబూ యూసుఫ్ యాఖూబ్ అల్ కిందీ 9వ శతాబ్దపు ఆలిమ్. కూఫాలో పుట్టి బగ్దాద్‌లో పేరు తెచ్చుకున్నారు. ఫల్సఫా, వైద్యం, సంగీతం, నక్షత్ర శాస్త్రం, చివరికి అత్తర్ల తయారీ మీద కూడా రాశారు. ఆయన రిసాలాల్లో ఒకటి రహస్య లేఖల్ని విప్పడం గురించి. రహస్య లేఖని అరబీలో ‘ముఅమ్మా’ అనేవాళ్లు. మన ఉర్దూలో ముఅమ్మా అంటే పొడుపుకథ, చిక్కుప్రశ్న. వందల ఏళ్లు మరుగున పడి ఉన్న ఆ రిసాలా 1980లలో ఇస్తాంబుల్‌లోని సులేమానియా గ్రంథాలయం వల్ల మళ్లీ లోకానికి తెలిసింది.

ఆయన చెప్పిన ఉపాయం వింటే ఇంత సులువా అనిపిస్తుంది. రహస్య లేఖ ఏ భాషలో ఉందో తెలిస్తే చాలు. ఆ భాషలోనే మామూలు రాత ఒకటి తీసుకుని, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. తర్వాత రహస్య లేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఎక్కువసార్లు వచ్చిన గుర్తు, ఎక్కువసార్లు వచ్చే అక్షరం అయి ఉంటుంది. తెలుగు పేపర్ ఒక పేజీ తీసి చూడండి. ర, ల, న మాటిమాటికీ వస్తాయి. ఝ, ఠ ఎప్పుడో గాని కనబడవు. అక్షరాల బదులు చుక్కలు, గీతలు పెట్టి రాసినా ఈ అలవాటు మారదు. భాష తన జాడ తనే వదిలేస్తుంది.

ఈ ఆలోచన అరబ్బులకి ముందు తట్టడానికి ఒక కారణం, ఖురాన్‌లో, హదీసుల్లో మాటల్నీ అక్షరాల్నీ జాగ్రత్తగా లెక్కపెట్టే ఉలమా సంప్రదాయం అంటారు కొందరు చరిత్రకారులు. మొత్తానికి ఒక అక్షరం బదులు ఇంకో గుర్తు పెట్టే తాళాలన్నిటికీ ఈ ఉపాయంతో కాలం చెల్లింది. తాళం ఎంత గట్టిదో తెలియాలంటే దాన్ని విప్పాలని ప్రయత్నించి చూడాలి. ఇవాళ ఎథికల్ హ్యాకర్ చేసే పని మూలం ఇదే. అందుకని ఈ ఇల్మ్ మనకి పరాయిదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇజాజత్, అమానత్

ఇక హలాల్ సవాలు. తాళం విప్పే హునర్ ఒక్కటే. దొంగ దగ్గరా అదే ఉంటుంది, తాళాలు బాగుచేసే మేస్త్రీ దగ్గరా అదే ఉంటుంది. తాళంచెవి పోగొట్టుకుని మనమే పిలిస్తే మేస్త్రీ వస్తాడు. మన కళ్లముందే విప్పుతాడు, కూలి తీసుకుని పోతాడు. పిలవకుండా రాత్రిపూట వస్తే అతనే దొంగ. రెండింటికీ మధ్య ఉన్న తేడా పేరు ఇజాజత్. సూరా నూర్‌లో మనకి ఈ అదబ్ నేర్పారు: ఇతరుల ఇళ్లలోకి సలాం చెప్పి, ఇజాజత్ తీసుకోకుండా అడుగు పెట్టకూడదు. ఇంటికి ఉన్న ఈ నియమమే కంప్యూటర్‌కీ.

ఇజాజత్ ఇచ్చాక రెండోది మొదలవుతుంది, అమానత్. లోపలికి వెళ్లినవాళ్లకి ఇంటి గుట్టంతా కనబడుతుంది. ఆస్పత్రి కంప్యూటర్ పరీక్షించే అమ్మాయికి రోగుల వివరాలు కనబడొచ్చు, బ్యాంకుని పరీక్షిస్తే ఖాతాలు కనబడొచ్చు. చూసింది బయట చెప్పకూడదు, తీసుకోకూడదు, లోపం ఎక్కడుందో యజమానికి మాత్రమే రాసివ్వాలి.

ఆడవాళ్ల చేతిలో ఇంత బరువైన అమానత్ పెట్టొచ్చా అని అడిగేవాళ్లకి మన తారీఖ్‌లోనే అందరికంటే పెద్ద మిసాల్ ఉంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఒకచోట చేర్చిన ఖురాన్ ప్రతి, ఆయన తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) దగ్గర, ఆయన తర్వాత ఆయన కూతురు, ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ హఫ్సా (రజి) దగ్గర ఉంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) నకళ్లు రాయించాలనుకున్నప్పుడు ఆమె దగ్గర అడిగి తీసుకుని, పని అయ్యాక తిరిగి ఆమెకే ఇచ్చారు. ఆమెకి రాయడం నేర్పింది కూడా ఒక మహిళే, హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లా (రజి). ఉమ్మత్‌లో అన్నిటికంటే విలువైన దస్తావేజు, చదవడం రాయడం వచ్చిన ఒక మహిళ హిఫాజత్‌లో ఉంది. దీని తర్వాత ‘ఆడపిల్లకెందుకు’ అనే సవాలుకి నా దగ్గర వేరే దలీల్ అక్కర్లేదు.

అయినా దునియా తారీఖ్ కూడా చూద్దాం. అక్కడ ఆడవాళ్లు ఈ పని చేయక కాదు, చేశాక వాళ్ల పేర్లు బయటికి రాక మనకి తెలియలేదు.

పేరు రాని పని

అమెరికాలో ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ (1892-1980) అని ఒకావిడ. అక్కడ మద్యనిషేధం ఉన్న రోజుల్లో సముద్రం మీద సారా దొంగరవాణా చేసేవాళ్లు వైర్‌లెస్‌లో పంపుకునే రహస్య సందేశాల్ని విప్పి, కోర్టులో సాక్ష్యం చెప్పి శిక్షలు వేయించారు. రెండో ప్రపంచయుద్ధంలో దక్షిణ అమెరికాలో పనిచేస్తున్న నాజీ గూఢచారుల సందేశాలూ ఆమె బృందమే విప్పింది. ఆ ఘనత ఎఫ్‌బీఐ తన ఖాతాలో వేసుకుంది. రహస్యం దాస్తానని ఇచ్చిన మాటకి కట్టుబడి ఆమె ఆ సంగతి బయటపెట్టలేదు. ఆమె పోయిన చాలా ఏళ్లకి దస్తావేజులు బయటికి వచ్చి నిజం తెలిసింది.

ఇంగ్లండ్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో జర్మన్ల ఎనిగ్మా మిషన్ సందేశాల్ని విప్పేవాళ్లు. అక్కడి సిబ్బందిలో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్లే. వాళ్లలో జోన్ క్లార్క్ గణితం చదివిన అమ్మాయి. 1940లో చేరి, అలన్ ట్యూరింగ్ ఉన్న హట్ 8లో జర్మన్ నౌకాదళం సంకేతాల మీద పనిచేశారు. ఆమెకి ప్రమోషన్ ఇవ్వాలనుకున్నారు గాని, ఆ హోదాలో ఆడవాళ్లని పెట్టడానికి రూల్ లేదు. చివరికి ‘భాషావేత్త’ అని కాగితం మీద రాసి జీతం పెంచారు. ఆమె ఫారం నింపేటప్పుడు ‘హోదా: భాషావేత్త, తెలిసిన భాషలు: ఏమీ లేవు’ అని రాసి నవ్వుకునేవారట. పని ఆమెది, దానికి సరైన పేరు మాత్రం దఫ్తర్‌లో లేదు.

హైదరాబాద్ పీర్ ముర్షిద్, ప్యారిస్ రేడియో

ఈ వరసలో మనకి దగ్గరి మనిషి నూర్ ఇనాయత్ ఖాన్. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు, సూఫీ. ఆయనకి ముర్షిద్ దొరికింది మన హైదరాబాద్‌లో, సయ్యద్ అబూ హాషిం మదనీ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో ఆయన వీణ వినిపించి సన్మానం పొందారు. తల్లి వైపున ఆయనకి టిప్పు సుల్తాన్ వంశంతో చుట్టరికం. ఇటువంటి తండ్రికి 1914లో మాస్కోలో పుట్టి, ఫ్రాన్స్‌లో పెరిగిన కూతురు నూర్. పిల్లల కోసం జాతక కథలు రాసిన మృదువైన మనిషి.

యుద్ధం వచ్చాక 1940లో ఆమె బ్రిటిష్ వైమానిక దళం మహిళా విభాగంలో చేరి వైర్‌లెస్ నేర్చుకున్నారు. 1943 జూన్‌లో, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోకి రహస్యంగా వెళ్లారు. అలా వెళ్లిన మొదటి మహిళా రేడియో ఆపరేటర్ ఆమే. వెళ్లిన కొద్ది రోజులకే ఆమె దళంలో చాలామంది పట్టుబడ్డారు. వెనక్కి రమ్మన్నా ఆమె రాలేదు. రేడియో పెట్టె మోసుకుని ఇళ్లు మారుతూ, జర్మన్ల వ్యాన్లు సిగ్నల్ పసిగట్టేలోపు సందేశం పంపి కదిలిపోతూ నెలల తరబడి పనిచేశారు. అక్టోబర్‌లో ఎవరో ద్రోహం చేసి పట్టించారు. 1944 సెప్టెంబర్ 13న డకావ్ శిబిరంలో ఆమెని కాల్చి చంపారు. అప్పటికి ఆమె వయసు 30. 1949లో బ్రిటన్ ఆమెకి జార్జ్ క్రాస్ ప్రకటించింది.

నూర్ షహాదత్‌ని మనం ఎమోషన్‌తో తలుచుకుంటాం. అందులో సెక్యూరిటీ పాఠం కూడా ఉంది. ఆమె పంపిన సందేశాల నకళ్లు రాసిపెట్టుకున్న నోట్‌బుక్ జర్మన్లకి దొరికింది. దాని ఆధారంగా వాళ్లు ఆమె రేడియోతోనే లండన్‌కి అబద్ధపు సందేశాలు పంపారు. అనుమానించాల్సిన గుర్తులు కొన్ని ఉన్నా లండన్ పట్టించుకోలేదు. ఆ మాటలు నమ్మి పంపిన మనుషులు నేరుగా జర్మన్ల చేతిలో పడ్డారు. అవతల మాట్లాడుతున్నది నిజంగా మనవాళ్లేనా అని నిర్ధారించుకోవడం ఎంత ముఖ్యమో ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ లేదు. ఇవాళ పోలీసు యూనిఫాం వేసుకుని వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించే ముఠాలు ఆడేది కూడా అదే ఆట.

నౌకరీ అయిన హునర్: పరీసా తబ్రీజ్

యుద్ధం రోజుల్లో రహస్యంగా ఉన్న ఈ పని ఇప్పుడు బయట బోర్డు పెట్టుకుని చేసే నౌకరీ. దీంట్లో ఒక మహిళ కెరీర్ ఎలా ఉంటుందో చూడాలంటే పరీసా తబ్రీజ్ మంచి మిసాల్. 1983లో అమెరికాలో పుట్టారు. తండ్రి ఇరాన్ నుంచి వెళ్లిన డాక్టర్, తల్లి నర్స్. ఇద్దరు తమ్ముళ్లకి అక్క. ఇలినాయ్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్‌లో చేరి, తర్వాత కంప్యూటర్ సైన్స్ వైపు వచ్చారు. తను తయారు చేసుకున్న వెబ్‌సైట్‌ని ఎవరో హ్యాక్ చేయడంతో, అది ఎలా జరిగిందో తెలుసుకోవాలని విద్యార్థుల సెక్యూరిటీ క్లబ్‌లో చేరారు. 2007లో గూగుల్‌లో ఉద్యోగం. పని ఏంటంటే, గూగుల్ తయారు చేసినవాటి మీద దొంగ చేసినట్టే దాడి చేసి, దొంగ కంటే ముందే లోపాలు పట్టుకోవడం. విజిటింగ్ కార్డు మీద హోదా పేరు బోరుగా ఉందని ‘సెక్యూరిటీ ప్రిన్సెస్’ అని రాయించుకున్నారు.

తర్వాత ఆమె క్రోమ్ బ్రౌజర్ భద్రత చూసే బృందానికి నాయకురాలయ్యారు. మన ఫోన్లో వెబ్‌సైట్ అడ్రస్ ముందు ‘హెచ్‌టీటీపీఎస్’ అని ఉంటుంది కదా. చివర ఆ ‘ఎస్’ ఉంటే మనకీ ఆ సైట్‌కీ మధ్య నడిచే మాట తాళం వేసి వెళుతోందని అర్థం. అది లేకపోతే పోస్టుకార్డు లాంటిదే, దారిలో ఎవరైనా చదవొచ్చు. 2018 జూలైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి, ఎస్ లేని ప్రతి సైట్‌ మీదా ‘సురక్షితం కాదు’ అని చూపించడం మొదలైంది. ఈ మార్పు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టిన వాళ్లలో పరీసా ముఖ్యులు. నాయుడుపేట బస్టాండ్‌లో కూర్చుని ఫోన్లో టికెట్ బుక్ చేసుకునే మనిషికి కూడా దాని ఫాయిదా అందుతోంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. ఎస్ ఉందంటే దారి భద్రం అని మాత్రమే అర్థం, అవతలివాడు నిజాయతీపరుడని కాదు. దొంగ సైట్లు కూడా ఎస్ పెట్టుకుంటాయి. జనం పొరబడుతున్నారనే క్రోమ్ 2023లో ఆ తాళంకప్ప బొమ్మే తీసేసింది.

ఆ తాళం తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో 2011లో ఇరాన్ ప్రజలు చూశారు. సైట్లకి ‘ఇది అసలైనదే’ అని సర్టిఫికెట్ ఇచ్చే డిజినోటార్ అనే డచ్ సంస్థ హ్యాక్ అయింది. అక్కడ పుట్టించిన నకిలీ గూగుల్ సర్టిఫికెట్‌తో ఇరాన్‌లో సుమారు 3 లక్షల కనెక్షన్ల మీద నిఘా పడిందని తర్వాతి దర్యాప్తు తేల్చింది. క్రోమ్‌లో ముందే పెట్టిన ఒక తనిఖీ వల్ల ఆ మోసం బయటపడింది. కొద్ది రోజులకే ఆ సంస్థ దివాలా తీసింది. ఈ పనిలో గెలుపు ఓటముల వెనక మనుషుల ప్రాణాలు, ఇజ్జత్ ఉంటాయని చెప్పడానికే ఇది రాశాను.

2018లో ఆర్‌ఎస్‌ఏ అనే పెద్ద సెక్యూరిటీ సదస్సు ముఖ్య వక్తల పేర్లు ప్రకటిస్తే అందులో మహిళ ఒక్కరే, ఆమె కూడా సెక్యూరిటీ రంగం మనిషి కాదు. ‘తగిన మహిళలు దొరకలేదు’ అనే బహానాకి జవాబుగా పరీసా, ఇంకొందరు కలిసి ‘అవర్‌ఎస్‌ఏ’ పేరుతో వేరే సదస్సు పెట్టి, ఎక్కువగా మహిళా నిపుణులతోనే నడిపి చూపించారు.

హైదరాబాద్‌లో ఒక అరెస్టు

ఇప్పుడు మన గడ్డకి వద్దాం. ఇజాజత్ అనే మాట ఎంత చిక్కుగా మారగలదో చూపిన కేసు హైదరాబాద్‌దే. వేమూరు హరిప్రసాద్ అనే ఇంజినీర్, మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కి చెందిన రాప్ గాంగ్రైప్ కలిసి మన ఓటింగ్ మిషన్ ఒకదాన్ని పరీక్షించి, అందులో లోపాలున్నాయని 2010లో ప్రకటించారు. మిషన్‌ని వాళ్లకి ఇచ్చిన మనిషి పేరు చెప్పడానికి ఒప్పుకోలేదు. అది ముంబైలో గోడౌన్ నుంచి చోరీ అయిన మిషన్ అంటూ అదే ఏడాది ఆగస్ట్ 21న హరిప్రసాద్‌ని హైదరాబాద్‌లో ఆయన ఇంటి దగ్గర అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. వారం తర్వాత బెయిల్ వచ్చింది. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అదే సంవత్సరం ఆయనకి పురస్కారం ప్రకటించింది. మిషన్లు భద్రమేనని ఎన్నికల కమిషన్ గట్టిగా చెబుతూ వచ్చింది. వేరే కేసులో 2013 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, ఓటు పడిన గుర్తుని కాగితం మీద చూపే వీవీప్యాట్‌ని దశలవారీగా పెట్టాలని చెప్పింది.

ఆయన చేసింది సరైనదా కాదా అనే బహస్‌లోకి నేను వెళ్లను. మన పిల్లలకి కావాల్సిన సబఖ్ ఒకటే: నియ్యత్ మంచిదైనా కాగితం మీద ఇజాజత్ లేకపోతే ముసీబత్ రావచ్చు. ఐటీ చట్టం 2000లో వచ్చింది, 2008లో సవరించారు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళితే 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి. అదే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాలేజీ వెబ్‌సైట్‌లోకి సరదాగా దూరినా ఇదే చట్టం.

ఈ చిక్కుని విప్పడానికి లోకం ఒక పద్ధతి కనిపెట్టింది, బగ్ బౌంటీ. ‘మా తాళం విప్పి చూపండి, లోపం చెబితే ఇనామ్ ఇస్తాం’ అని కంపెనీయే ముందుగా షరతులు రాసి ప్రకటిస్తుంది. అంటే ఇజాజత్‌ని దండోరా వేసి చెప్పడం. దీన్ని పెద్ద సంస్థల చేత ఒప్పించినవాళ్లలో కేటీ మూసూరిస్ అనే మహిళది ముందు వరస. ఆమె వెనక ఉండి నడిపించిన మైక్రోసాఫ్ట్ బౌంటీ 2013లో మొదలైంది. 2016లో అమెరికా రక్షణ శాఖ ‘హ్యాక్ ద పెంటగన్’ పెట్టినప్పుడూ ఆమె సలహాలు ఉన్నాయి. 1,400 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. నెల కూడా తిరక్కుండా 138 అసలైన లోపాలు దొరికాయి. మొత్తం ఖర్చు లక్షన్నర డాలర్లు, అందులో సగం హ్యాకర్లకి ఇచ్చిన ఇనామ్. ప్రపంచంలో అన్నిటికంటే గట్టి సైన్యానికే బయటి హ్యాకర్ల సాయం కావాల్సి వచ్చింది.

ఫోన్ లాక్కుంటే హిఫాజత్ అవుతుందా?

ఇదంతా మన ఖౌమ్‌కి ఎందుకంటే, 2021 జూలైలో, మళ్లీ 2022 జనవరి 1న ఏం జరిగిందో మనకి గుర్తుంది. గిట్‌హబ్ అనే చోట ఆప్‌లు పెట్టి, మన బహెన్‌ల ఫోటోలు సోషల్ మీడియా నుంచి దొంగిలించి, ‘వేలం’ అంటూ పెట్టారు. రెండోసారి వంద మందికి పైగా ముస్లిం మహిళలు, వాళ్లలో జర్నలిస్టులు, లాయర్లు, సామాజిక కార్యకర్తలు. హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆ మహిళలే పోలీస్ స్టేషన్లకి వెళ్లి ఫిర్యాదులు రాసిచ్చారు. చివరికి పట్టుబడినవాళ్లలో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు ఉన్నారు.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో జరిగింది ఒకటే, ఆడపిల్లల అకౌంట్లు మూయించడం, ఫోన్లు తీసేసుకోవడం. ఆ ఖౌఫ్ నాకు అర్థమవుతుంది. కాని ఆలోచించండి. దొంగ చేతిలో ఇల్మ్ ఉంది, మన బిడ్డ చేతిలో ఫోన్ కూడా లేకుండా చేశాం. ఆ ఆప్ వెనక ఎవరున్నారో ఆధారాలు పట్టుకుని వెతికింది సైబర్ ఫోరెన్సిక్ తెలిసిన మనుషులు. అలాంటి మనుషుల్లో మన ఇంటి ఆడపిల్ల ఎందుకు ఉండకూడదు? ఫోటో మార్ఫింగ్ అయిన అమ్మాయి తన బాధ ఒక మగ పోలీసుకి చెప్పడానికి ఎంత సిగ్గుపడుతుందో విలేకరిగా నాకు తెలుసు. ఎదురుగా తనలాంటి ఇంకో అమ్మాయి కూర్చుని ‘ఫికర్ చేయకు చెల్లీ, స్క్రీన్‌షాట్లు తీశావా?’ అని అడిగితే సగం భారం దిగిపోతుంది.

మన తెలుగు గడ్డ మీద దారి పడుతూనే ఉంది. హైదరాబాద్‌లో షీ టీమ్స్ 2014 అక్టోబర్‌లో మొదలైనప్పుడు ముందుండి నడిపింది స్వాతి లక్రా అనే ఐపీఎస్. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పగ్గాలు శిఖా గోయెల్ అనే మహిళా ఐపీఎస్ పట్టారు. డబ్బు పోతే ఎవరైనా చేయాల్సిన ఫోన్ నంబర్ 1930. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, దొంగ ఖాతాలో డబ్బు కదలకుండా ఆపొచ్చు. ఇజ్జత్ పోతుందని దాచిపెడితే డబ్బూ పోతుంది, దొంగకి ధైర్యమూ వస్తుంది.

నాయుడుపేట నుంచి ఆ దాకా

మన ఊరు 16వ నంబర్ జాతీయ రహదారి మీద, చెన్నైకీ తిరుపతికీ దారి చీలే చోట ఉంది. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లాం. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే మన మిద్దెల మీద నుంచి కనబడుతుంది. మేనకూరు సెజ్‌లో ఫ్యాక్టరీలున్నాయి. ఇవాళ ఫ్యాక్టరీ మిషన్‌ని నడిపేదీ కంప్యూటరే, దానికీ కాపలా కావాలి. ఏ కంపెనీలోనైనా సైబర్ దాడి జరిగితే 6 గంటల్లోపు తెలపాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో హుకుం ఇచ్చింది. అంటే ఆ దాడిని గుర్తుపట్టగల మనుషులు అన్నిచోట్లా కావాలి.

పని రకాలు చాలా ఉన్నాయి. తాళాలు పరీక్షించి రిపోర్టు రాసేవాళ్లు పెనెట్రేషన్ టెస్టర్లు. రాత్రింబవళ్లు తెరల ముందు కాపలా కాసేవాళ్లు సాక్ అనలిస్టులు, ఇందులో నైట్ షిఫ్టులుంటాయి, దాచను. దాడి తర్వాత జాడలు తీసేది ఫోరెన్సిక్. నియమాలు పాటిస్తున్నారా లేదా చూసేది ఆడిట్, ఇది ఎక్కువగా పగటి పని. కొన్ని పనులు ఇంటి నుంచే చేయొచ్చు. పర్దా పాటించే అమ్మాయికి కీబోర్డు ముందు అడ్డేమీ లేదు. ఇంట్లో కూర్చుని బగ్ బౌంటీ చేయొచ్చు గాని, దాన్ని నెల జీతంలా నమ్ముకోవద్దు. ఒక నెల వస్తుంది, మూడు నెలలు రాదు.

చదువుకి బీటెక్‌లో సైబర్ సెక్యూరిటీ బ్రాంచి మన రాష్ట్రంలో చాలా కాలేజీల్లో ఉంది. మామూలు కంప్యూటర్ సైన్స్ అయినా, బీసీఏ అయినా చాలు. ఉర్దూ మీడియం పిల్లలకి హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ 1998 నుంచి ఉంది. వేలకి వేలు ఫీజు కట్టించుకుని ‘ఒక్క నెలలో హ్యాకర్’ అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. నెట్‌వర్కులు, లైనక్స్, కాస్త పైథాన్ ముందు నేర్చుకోవాలి. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. పోర్ట్‌స్విగర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ, కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పికోసీటీఎఫ్ కూడా ఉచితం. వాటిలో కావాలనే లోపాలతో తాళాలు పెట్టి ఉంచుతారు. ఎంత విప్పినా కేసు లేదు, ఎందుకంటే ఇజాజత్ ముందే ఇచ్చారు. సీఈహెచ్, ఓఎస్‌సీపీ లాంటి సర్టిఫికెట్ల ఖర్చు తర్వాత ఆలోచించవచ్చు.

అమ్మీలకీ అబ్బాలకీ నా గుజారిష్ ఒకటే. అమ్మాయి ఈ చదువు అడిగితే ‘రిష్తా వాళ్లు ఏమంటారో’ అనే ముందు, ఒక సాయంత్రం ఆమెని కూర్చోబెట్టి మీ ఫోన్ ఇవ్వండి. ఏ ఆప్‌కి ఏ ఇజాజత్ ఇచ్చి ఉన్నామో, యూపీఐ పిన్ ఎవరెవరికి తెలుసో, వాట్సాప్‌కి రెండో తాళం పెట్టామో లేదో ఆమెనే చూడమనండి. ఆమె లోపాలు పట్టుకుంటుంది, మీకు కోప్పడకుండా వివరిస్తుంది, ఇంటి గుట్టు బయట చెప్పదు. ఈ నౌకరీకి కావాల్సిన అర్హతలు అవే. మిగతాది తాలీమ్.